మెడ మీద ఆనించిన యంత్రం

ముసలయ్యకు మతిమరుపు వచ్చిందని అతని భార్య పద్మకుమారి తేల్చేసింది. వంకాయలు తెమ్మంటే ఉత్త చేతులతో వస్తాడు. పొద్దున్న ఆమె చెప్పిన మాట సాయంత్రానికి చెప్పనే లేదంటాడు. ఉక్కు ప్లాంటులో క్రేన్ నడిపి రిటైరైన మనిషి ఇలా అయిపోయాడేమిటని, తాముండే పర్సుడీహ్‌లో ఆటో ఎక్కించి, పెద్దవాళ్ల మెదడు మీద పరిశోధన చేస్తున్న డాక్టర్ మనోజ్ఞ దగ్గరికి తీసుకెళ్లింది.

మనోజ్ఞ అతని మెడ మీదా, తొడ మీదా ఒక యంత్రం ఆనించి చూసింది. పద్మకుమారికి అనుమానం అక్కడే మొదలైంది.

"మతిమరుపుకి తొడ మీద ఏటి చూత్తన్నారు డాక్టరమ్మా?"

"రక్తనాళాలు ఎంత బిరుసెక్కాయో చూస్తున్నానమ్మా. తర్వాత మెదడు స్కానింగు. పోల్చుకోవడానికి మీకూ చేస్తాం. డబ్బేమీ వద్దు."

ఊరికే చేస్తున్నారంటే ఇందులో ఏదో ఉందనుకుంది పద్మకుమారి. అయినా మొగుడి కోసం ఒప్పుకుంది.

ఫలితాలు వచ్చాక మనోజ్ఞ ఇద్దరినీ కూర్చోబెట్టింది.

"ఆయన నాళాలు బాగున్నాయి. మెదడూ బాగుంది. ఆయనకున్నది చెవుడమ్మా. మీ మాట వినబడక తలూపేస్తున్నారు. మీ నాళాలే బిరుసెక్కాయి. మెదడులో అమిలాయిడ్ అనే ప్రోటీను కూడా పేరుకుంది."

"పేర్లు మార్చేసినారు!" అని లేచింది పద్మకుమారి. "నా కళ్ల ముందు మళ్లీ చెయ్యండి."

మనోజ్ఞ విసుక్కోకుండా మళ్లీ ఆమె మెడ మీద యంత్రం ఆనించింది. తెర మీద పద్మకుమారి తన పేరు కూడబలుక్కుని చదువుకుంది. నాళాలు అంతే బిరుసుగా ఉన్నాయి.

"బీపీ మాత్రలు వేసుకుంటున్నారా?"

షాపువాడు వేరే రంగు మాత్రలిచ్చాడని అనుమానపడి పద్మకుమారి ఎప్పుడో మానేసింది.

"నాళాలు బిరుసెక్కిన పెద్దవాళ్లలో ఈ ప్రోటీను ఎక్కువ కనిపిస్తోంది. ఆ బిరుసువల్లే ఇది వస్తోందని ఇంకా తేలలేదు. ఇది ఉన్నంత మాత్రాన మతి పోతుందనీ కాదు. నాళాలను బిరుసెక్కించే బీపీ అయితే మన చేతిలో ఉంది కదమ్మా," అంది మనోజ్ఞ.

ఇంటికొచ్చాక ముసలయ్య మాత్ర, మంచినీళ్లు తెచ్చాడు. మాత్రను వెలుతురులో పెట్టి అటూ ఇటూ తిప్పి చూసి, చివరికి మింగిందామె. తర్వాత అతని చెవి దగ్గర నోరు పెట్టి గట్టిగా అడిగింది.

"నానేటైనా మర్సిపోతే సెప్తావా?"

"సెప్తాను. నువ్వు నమ్ముతావేటి?"

"నమ్మను," అందామె. అతని చెయ్యి పట్టుకుంది. "అయినా సెప్పు."