కొట్టేసిన పాట

మైకుల షాపులో అక్క నా పెళ్లి పాటల జాబితా చదువుతూ, కొట్టేసిన ఒక పేరు దగ్గర ఆగింది. అది తన పెళ్లిలో వేయించుకున్న పాట. ఆ కాపురం ఏడాదికే విడిపోయింది. నాకూ అచ్చిరాదేమోనని ఇంట్లోనే గీత పెట్టేశాను.

"దీన్నెందుకు తీసేశావే? చిన్నప్పుడు ఇదే పాడి నా చెవులు తినేదానివిగా," అంది.

"మరీ పొడుగక్కా. జనానికి విసుగొస్తుంది."

"విని చూద్దాం ఉండండమ్మా," అంటూ షాపతను పెట్టాడు. చేతిలో టీ సగమైనా కాకముందే పాట అయిపోయింది. నేను గ్లాసులోకే చూస్తూ ఉండిపోయాను.

అక్క కాగితం మడిచి నా చేతిలో పెట్టింది. "వద్దులే బాబూ, పొడుగే," అంది అతనితో.

నేను కాదనలేదు.