సొంత చీటీ ఆఖరున

భూమి కదిలిన మర్నాటి నుంచీ వెహ్బీ దినచర్య ఒకటే. పొద్దున ఏడింటికి బడి ఆవరణలో తన బల్ల దగ్గరికి వస్తాడు. పైన కట్టిన టార్పాలిన్ మీది మంచు కర్రతో దులుపుతాడు. కారు బ్యాటరీకి తీగలు బిగించి, రేడియో మీట తిప్పి, టీ కోసం ఎదురుచూస్తాడు. భార్య ముషెర్రెఫ్ టీ తెస్తుంది. ఆవిడ గ్లాసు బల్ల మీద పెడుతుంది, ఆయన తల ఊపుతాడు. ఆ తర్వాత చీటీలవాళ్ళు వరుస కడతారు.

మా ఊరు ఆర్దిచ్లీ, కొండకి ఇవతల. సరితెపె పట్నం అవతల. మధ్యనున్న రోడ్డు మీద కొండ సగం వచ్చి పడుకుంది. ఫోను టవర్లన్నీ కూలాయి. మా ఊళ్ళో పోయినవాళ్ళు పోగా మిగిలిన ప్రతి ఇంటివాళ్ళకీ సరితెపెలో ఎవరో ఒకరు ఉన్నారు. చదువుకోడానికి వెళ్ళినవాళ్ళు, పనికి వెళ్ళినవాళ్ళు, పెళ్ళయి వెళ్ళినవాళ్ళు. వాళ్ళు ఉన్నారో లేదో తెలుసుకునే దారి వెహ్బీ రేడియో ఒక్కటే.

ముప్పై ఏళ్ళు ఊరంతా ఆ రేడియోని వెక్కిరించింది. గడియారాలు బాగుచేసుకునే మనిషి సాయంత్రమైతే డాబా ఎక్కి, ముక్కూ మొహం తెలియని వాళ్ళతో వాతావరణం గురించి మాట్లాడతాడని. అందరికంటే ముషెర్రెఫే ఎక్కువ దెప్పేది. "బ్రెజిల్‌లో వాన పడుతోందట. మన వంటింటి కప్పు నాలుగేళ్ళుగా కారుతోంది, అది మాత్రం ఈయన చెవిన పడదు" అని. ఇప్పుడు ఊరికి నోరూ చెవీ ఆ రేడియోయే. ఎవరూ నవ్వడం లేదు.

వెహ్బీకి తోడు సెలూన్ సిత్కీ. ఆయనకీ రేడియో నడిపే హామ్ లైసెన్సు ఉంది. వెహ్బీ రాత కోడిగీతలు కాబట్టి చీటీలు సిత్కీయే రాస్తాడు. పేరు, ఉండే చోటు, కబురు. కబురు ఇరవై మాటలు దాటకూడదు. రాశాక చీటీ వెహ్బీ చేతిలో పెడతాడు.

అప్పుడు వరుసలో ఉన్నవాళ్ళందరి కళ్ళూ వెహ్బీ చేతి మీదే ఉంటాయి.

మా ఊళ్ళో బతికున్నవాళ్ళకి రాసిన కాగితం కాగితమంతే బరువుంటుంది. పోయినవాళ్ళకి రాసినది రాయంత బరువుంటుంది. ఇది కొత్తగా వచ్చినదేమీ కాదు. కుర్రాళ్ళని యెమెన్ యుద్ధానికి తోలుకెళ్ళిన రోజుల్లో మా తపాలా బంట్రోతు నడుము వంగిపోయింది అందుకేనని పెద్దవాళ్ళు చెబుతారు. కాబట్టి వెహ్బీ చెయ్యి కిందికి వాలితే, రాయించుకున్న మనిషి ఏమీ అడగకుండా తల వంచుకుని పక్కకి వెళ్ళి కూర్చుంటుంది. వెహ్బీ ఆ చీటీని కూడా పంపుతాడు. అందిన కబురు అందినట్టు పంపడం, వచ్చిన వరుసలోనే పంపడం ఆయన నియమం. రెండో రోజుకే బల్ల కాలు విరిగింది. సిత్కీ కూలిన చలివేంద్రం పాలరాయి ముక్కలు తెచ్చి కింద ఎత్తు పెట్టాడు.

తేలిగ్గా ఉన్న చీటీ గురించి మాత్రం ఎవరూ పైకి అనరు. అంటే దిష్టి తగులుతుంది. దిష్టి మాట అటుంచినా, పక్కనే పాలరాతి పలక లాంటి చీటీ పట్టుకుని నిలబడ్డ తల్లి ముందు "మాది తేలిక" అనడానికి నోరెలా వస్తుంది?

ఇంకో నియమం ఉంది. రేడియో దగ్గర కూర్చున్నవాడి సొంత కబురు అందరివీ అయ్యాక ఆఖరున వెళ్ళాలి. దాన్ని వేరేవాళ్ళు ముట్టుకోకూడదు. ఇది వెహ్బీ పెట్టినది కాదు, ఆ పని చేసేవాళ్ళ మర్యాద. వెహ్బీ దాన్ని గట్టిగా పట్టుకున్నాడు.

సరితెపెలో వెహ్బీ కూతురు జెర్రిన్ ఉంది. మందుల షాపులో పని, ఇల్గాజ్ అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు, ఒక్కతే.

తొలిరోజు మధ్యాహ్నమే ముషెర్రెఫ్ తన చేత్తో చీటీ రాసింది. వెహ్బీ కుర్చీ పక్కన రాతి గోడ మీద బిస్కట్ డబ్బా మూత ఒకటుంది. సొంత చీటీలకని సిత్కీ పెట్టినది. ఆవిడ చీటీని అందులో ఉంచి, మీద ఒక గులకరాయి పెట్టింది.

"రాశాను. అక్కడ పెట్టాను. పంపు" అంది.

"పంపుతాలే. ముందు వీళ్ళవి కానీ."

రెండో రోజు టీ ఇస్తూ అడిగింది. "పంపావా?"

"ఇంకా ముప్పై ఉన్నాయి ముషెర్రెఫ్."

మూడో రోజు. "ఏమయ్యా, పంపావా?"

"కనిపించడం లేదూ వరుస?"

"వరుస కనిపిస్తూనే ఉంది. నా కూతురే కనిపించడం లేదు." ఆవిడ గ్లాసు ఠక్కున పెట్టేసరికి టీ ఒలికింది. సిత్కీ గబగబా చీటీలు పైకెత్తి, ఆవిడ వెళ్ళేదాకా ఆగి, మెల్లిగా అన్నాడు.

"అన్నా, ఒక మాటంటే కోప్పడవు కదా. నియమం మంచిదే. కానీ నువ్వు దాని వెనక దాక్కున్నావేమోనని నా అనుమానం."

"నీ కత్తెర పని నువ్వు చూసుకో."

"చూసుకుందామనే ఉంది. ఊళ్ళో సెలూనేదీ?"

వెహ్బీ నవ్వలేదు. సిత్కీ అన్నది నిజం. ఆయనకి భయం. ఆ చీటీ చేతిలోకి తీసుకుంటే తెలిసిపోతుంది. తీసుకోనంతసేపూ జెర్రిన్ ఉంది. మందుల షాపులో తెల్లకోటు వేసుకుని, ఎవరో ముసలాయనకి ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో రెండోసారి చెబుతూ ఉంది. రోజూ వరుసలో కొత్త మనుషులు చేరుతుంటే, నిజం చెప్పాలంటే, ఆయనకి లోపల హాయిగానే ఉండేది.

అవతల సరితెపెలో రేడియో దగ్గర కూర్చున్నది పెరిహాన్ అనే అమ్మాయి. అంకారాలో ఫిజిక్సు పాఠాలు చెప్పుకునే మనిషి, రేడియో భుజాన వేసుకుని సహాయానికి వచ్చింది. వెహ్బీ ఎప్పుడూ చూడలేదు, గొంతే తెలుసు. పట్నం మొత్తానికి ఒకటే క్రేన్. పెరిహాన్ దాని పక్కనే కూర్చుని, అందిన కబుర్లని బట్టి తవ్వేవాళ్ళని ఇంటింటికీ పంపేది. సాయంత్రం రేడియో కట్టేసే ముందు రోజూ అడిగేది.

"మాస్టారూ, మీ సొంత కబుర్లేమైనా ఉన్నాయా? ఓవర్."

"లేవమ్మాయ్. ఓవర్."

మూడు సాయంత్రాలు అలాగే అన్నాడు.

నాలుగో రోజు పొద్దున పైకొండ గూడెం నుంచి ఇఫ్ఫెత్ వచ్చింది. మోకాలిలోతు మంచులో రెండు రోజులు నడిచి వచ్చిన మనిషి. ఆమె భర్త తుర్హాన్ సరితెపెలో రొట్టెల బట్టీలో పనిచేస్తాడు. భూమి కదిలినది తెల్లవారుజామున, బట్టీవాళ్ళు తప్ప ఊరంతా పడుకున్న వేళ. సిత్కీ రాసిచ్చిన చీటీని వెహ్బీ చేతిలోకి తీసుకున్నాడు. చెయ్యి వాలలేదు. ఇఫ్ఫెత్ కళ్ళు మూసుకుని తెరిచింది.  వెహ్బీ చీటీని వరుసలో ముప్పయ్యోదిగా పెట్టాడు.

మధ్యాహ్నానికి గాలి లేచింది. సిత్కీ చీటీల దొంతర సర్దుతూ ఆగిపోయాడు.

"అన్నా, ఇఫ్ఫెత్ చీటీ పొద్దున నువ్వు పట్టుకున్నావు కదా?"

"పట్టుకున్నాను."

"మళ్ళీ పట్టుకో."

వెహ్బీ పట్టుకున్నాడు. ఉప్పు పొట్లమంత బరువుంది. చూస్తూండగానే ఇంకాస్త పెరిగింది.

పూర్వం తపాలా బంట్రోతు ఉత్తరాన్ని పట్టుకున్న పూటే ఇచ్చేసేవాడు. ఒకే చీటీ గంటలకొద్దీ బల్ల మీద పడి ఉండడం మా ఊళ్ళో ఇదివరకు ఎప్పుడూ లేదు. బరువు ఒకసారి ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు అనుకున్నామే గానీ, అది మెల్లిగా ఎక్కుతుందని ఎవరికీ తెలియదు.

వెహ్బీ తల గోడ వైపు తిరిగింది. డబ్బా మూత. చీటీ. దాని మీద గులకరాయి.

నాలుగు రోజులుగా వందల చీటీలు ఎత్తిన మనిషి. బరువు చీటీ మీద రాయెవరు పెడతారు? ఎగిరిపోయే చీటీ మీద కదా పెడతారు!

లేచి వెళ్ళాడు. గులకరాయి పక్కన పెట్టి, చీటీ పట్టుకుని ఎత్తబోయాడు. రాలేదు. రెండు చేతులూ వేశాడు. కొంచెం లేచింది. కింద డబ్బా మూత అణిగి గోడకి అతుక్కుపోయి ఉంది.

ముషెర్రెఫ్ వెనకాలే నిలబడింది.

"తొలిరోజు ఈకలా ఉంది" అంది. "నా చేతిలో నిలవలేదు. రెండుసార్లు ఎగిరిపోతే పరిగెత్తి పట్టుకున్నాను. అందుకే రాయి పెట్టాను. చూస్తావనుకున్నాను."

"చెప్పలేదేం?"

"ఎలా చెప్పను? నీ పక్కన హమీదె నిలబడి ఉంది, ముగ్గురు కొడుకుల చీటీలు చేతిలో పెట్టుకుని." ఆవిడ గొంతు పెరగలేదు. "రాయి చూస్తావనుకున్నాను."

వెహ్బీ చీటీ వదిలేశాడు. గోడని పట్టుకున్నాడు. మొదటి రోజు జెర్రిన్ ఉంది. రెండో రోజూ ఉండే ఉంటుంది. ఏ పూటకి బరువెక్కిందో, తను ఎవరితో ఏం మాట్లాడుతున్న పూట అది జరిగిందో, ఇక ఎప్పటికీ తెలియదు.

"అన్నా!" సిత్కీ అరిచాడు. ఇఫ్ఫెత్ చీటీని రెండు చేతులతో మోస్తున్నాడు. "ఇది ఆగడం లేదు!"

వెహ్బీ వచ్చి మైకు అందుకున్నాడు. దానికి ముందు వరుసలో ఇంకా పన్నెండు చీటీలున్నాయి. ఆ పన్నెండుగురి మొహాలూ చూశాడు. ముందు నిలబడ్డ హమీదె తన చీటీని తనే తీసి దొంతర అడుగున పెట్టింది. మిగతావాళ్ళు కూడా అలాగే తీశారు.

"పెరిహాన్, వరుస తప్పుతున్నాను. ముందు ఇది రాసుకో. తుర్హాన్. ట్రాబ్జోన్, ఉషాక్, రిజె, హతాయ్, అంకారా, నీదె. సంత వీధి రొట్టెల బట్టీ. బరువెక్కుతోంది. ఓవర్."

పేరులో ఒక్కో అక్షరానికీ ఒక్కో ఊరి పేరు చెప్పడం రేడియోవాళ్ళ పద్ధతి. బరువెక్కడమేమిటని పెరిహాన్ అడగలేదు. "అర్థమైంది మాస్టారూ. ఇక్కడా కాగితాలు బల్లని వంచేశాయి. క్రేన్ మళ్ళిస్తున్నాం. ఓవర్."

రెండు గంటలు పట్టింది. సిత్కీ చేతులు వణుకుతుంటే ఇంకొకరు పట్టుకున్నారు. వాళ్ళవి వణికితే మరొకరు. బల్ల మీద పెట్టడానికి ఎవరికీ మనసొప్పలేదు. ఇఫ్ఫెత్ తన శాలువా కింద పరిచి, తనూ ఒక చెయ్యి వేసింది. మధ్యాహ్నం మూడు దాటాక, చీటీ ఎవరూ లాగకుండానే చేతుల్లోంచి పైకి లేచింది. గాలికి బడి మెట్ల మీదుగా ఎగిరిపోయింది. దాని వెనక ఇఫ్ఫెత్ చెప్పులు వదిలేసి పరిగెత్తింది.

కాసేపటికి పెరిహాన్ గొంతు వచ్చింది. "బట్టీ గూటిలో దొరికాడు. ఒక కాలు పోయేలా ఉంది. మనిషి మాట్లాడుతున్నాడు. ఓవర్."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఇఫ్ఫెత్ చీటీని గుండెకి అదుముకుని మంచులో కూర్చుని ఏడుస్తుంటే, హమీదె వెళ్ళి ఆమె కాళ్ళకి చెప్పులు తొడిగింది.

సాయంత్రం అయిదున్నరకి పెరిహాన్ ఎప్పటిలాగే అడిగింది. "మాస్టారూ, మీ సొంత కబుర్లేమైనా ఉన్నాయా? ఓవర్."

"ఉంది" అన్నాడు వెహ్బీ.

సిత్కీ, ఆయనా కలిసి డబ్బా మూతతో సహా చీటీని బల్ల మీదికి తెచ్చారు. వెహ్బీ కళ్ళద్దాలు పెట్టుకున్నాడు.

"పేరు జెర్రిన్. జొంగుల్దాక్." ఆగాడు. "ఎదిర్నె. రిజె. రిజె. ఇజ్మీర్. నీదె. ఇల్గాజ్ అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు. కబురు: 'జెర్రిన్, నాన్న రేడియో దగ్గరే ఉన్నాడు. ఒక్క మాట చెప్పు చాలు, వింటాడు. ఊలు మేజోళ్ళు వేసుకో. అమ్మ.' ఓవర్."

 రాసుకున్నాక పెరిహాన్ అడిగింది. "మాస్టారూ, ఎప్పటి కబురిది?"

"తొలిరోజుది."

 పెరిహాన్ చేతి రేడియో తీసుకుని క్రేన్‌తో పాటు తనే వెళ్ళింది. అక్కడ మైకు తెరిచే ఉంచింది. ఎవరో "నిశ్శబ్దం!" అని అరిచారు. క్రేన్ ఆగింది. జనరేటర్లు ఆగాయి. మా బడి ఆవరణలో కూడా అందరూ కదలకుండా నిలబడ్డారు. చంటిపిల్లని ఎత్తుకున్నవాళ్ళు పిల్ల నోటికి పాలు అందించారు. కొండకి అవతల ఒక మగగొంతు, శిథిలాల మీద వంగి, పిలిచింది.

"నా గొంతు వినబడేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

వెహ్బీ చెవి స్పీకరుకి ఆనించాడు. గడియారాల లోపల వెంట్రుకంత తీగ కదిలినా పట్టే చెవి అది.

మూడుసార్లు పిలిచారు. మూడుసార్లూ గాలి చప్పుడే వచ్చింది.

"జవాబు లేదు మాస్టారూ" అంది పెరిహాన్. 'ఓవర్' అనలేకపోయింది.

వెహ్బీ కబుర్ల లెక్క రాసే పుస్తకం తెరిచి, కబురు పంపిన వేళ తన కోడిగీతలతో తనే రాశాడు. అయిదు నలభై. జవాబు అందిన వేళ రాయాల్సిన గడి ఖాళీగా వదిలేశాడు. ముషెర్రెఫ్ గోడ మీది గులకరాయి తీసుకుంది. ఏడుస్తుందేమోనని సిత్కీ భయపడ్డాడు. ఆవిడ బల్ల దగ్గరికొచ్చి, గాలికి రెపరెపలాడుతున్న ఎవరిదో చీటీ మీద ఆ రాయి పెట్టింది.

"దీన్ని ముందు పంపు" అంది.

మర్నాటి నుంచి మా ఊరివాళ్ళు చీటీతో పాటు గులకరాయి కూడా తెచ్చుకోవడం మొదలుపెట్టారు. తేలిక అని నోటితో అనక్కర్లేదు, రాయి పెడితే చాలు. వెహ్బీ రాళ్ళున్నవి ముందు పంపేవాడు. అయిదో రోజు ఇద్దరిని తీశారు. ఆరో రోజు ఒకరిని. ఏడో రోజు వరుసలో చీటీలు చాలానే ఉన్నాయి. రాళ్ళు లేవు.

పొద్దున ఏడింటికి వెహ్బీ టార్పాలిన్ మీది మంచు దులుపుతాడు. ముషెర్రెఫ్ టీ తెస్తుంది. డబ్బా మూత మళ్ళీ గోడ మీదే ఉంది. కొండగాలి బడి గోడ దూకి వచ్చి, బల్ల మీది గుడ్డని, టార్పాలిన్‌ని, ముషెర్రెఫ్ తలగుడ్డని లాగుతుంది. మూతలో చీటీ మాత్రం కదలదు.