సున్నపు గీతలో వంపు

యుద్ధం ముగిసిన మూడేళ్ళలో హడావుడిగా లేపిన విశ్వవిద్యాలయం అది. అప్పుడు కావలసింది గదులు. బయట ఎలా ఉండాలో ఆలోచించే తీరిక ఎవరికీ లేకపోయింది. మిగిలిన సిమెంటును భవనాల చుట్టూ పోసి, నడుమ కాస్త గడ్డి వదిలేసి చేతులు దులుపుకున్నారు. ఇన్నాళ్ళకి ఆ ఆవరణను తీర్చిదిద్దే పని డిజైనరమ్మకి వచ్చింది. పదకొండేళ్ళు ఒకాయన కింద పనిచేశాక సొంతంగా పట్టిన మొదటి పని. ఈ ఉదయం ఉపకులపతి వచ్చి చూసి సరే అంటే పని ఆమెది. కాదంటే పాత యజమాని చేతికి పోతుంది. ఆయన అప్పుడే రెండుసార్లు ఫోన్ చేసి, "ఏమైనా సాయం కావాలా తల్లీ" అని తేనె పూసిన గొంతుతో అడిగాడు.

డిజైనరమ్మ పద్ధతి ఒక్కటే. దారులు తను గీయదు, నడిచేవాళ్ళ కాళ్ళే గీస్తాయి. మూడు వారాలు, వాన వెలిసినప్పుడల్లా నాలుగో అంతస్తు కిటికీలో నిలబడి, గడ్డి అరిగి మట్టి తేలిన జాడలన్నీ కాగితం మీదికి ఎక్కించింది. వాటిలో ఒకటి ఆమె మనసు దోచింది. లైబ్రరీ నుంచి తరగతి గదుల వైపు బుద్ధిగా వస్తూ వస్తూ, ఏ కారణమూ లేకుండా ఎడమకి వయ్యారంగా వంగి, మళ్ళీ దారిన పడింది. వేలమంది కుర్రకారు తెలియకుండానే గీసిన గీత అనుకుంది. ప్లానంతా దాని చుట్టూ అల్లింది.

పొద్దున్నే గడ్డి మీద సున్నంతో ఆ గీత పోస్తుంటే, తోటమాలి బండి తోసుకుంటూ వచ్చి ఆగాడు.

"ఏంటమ్మా, నా దారికి సున్నం కొడుతున్నావు?"

"మీ దారేంటి బాబాయ్?"

"నాదే. ఈ బండితో ఇరవై రెండేళ్ళు అరగదీశాను. పిల్లలు ఇటు రారు. బూట్లకి మట్టంటుతుందని సిమెంటు మీదే పోతారు."

"మరి ఈ వంపు?"

"సూటిగా పోతే వాచ్‌మన్ గది తగులుతుంది కదా. వాడు నా బావమరిది. మాకు మాటల్లేవు."

"ఇరవై రెండేళ్ళుగానా?"

"నా పొదల కత్తెర అడిగి తీసుకెళ్ళి, దాంతో ఇనప తీగ కోశాడమ్మా. నువ్వైతే మాట్లాడతావా?"

"ఇంటికొస్తే ఎలా మరి?"

"వాళ్ళక్క ఉందిగా. ఇద్దరి వాటా ఆవిడే మాట్లాడుతుంది."

డిజైనరమ్మ సున్నం పోయడం ఆపింది. మూడు వారాలు జాడల్ని చూసిందే గాని, నడిచేవాళ్ళని ఒక్కనాడూ చూడలేదు. సున్నం డబ్బా కింద పెట్టేలోగా ఉపకులపతి రానే వచ్చాడు. వెనక టేపు పట్టుకుని క్యాంపస్ ఇంజనీరు.

ఇంజనీరు కొలవకుండా ఉండలేడు. వంపు కొలిచి లేచాడు.

"సూటిగా వేస్తే నలభై అడుగులు కలిసొస్తాయి మేడమ్. ఈ మెలిక దేనికి?"

వేలమంది కుర్రకారు కాళ్ళు గీసిన గీత ఇది అని వారం నుంచి వల్లెవేసిన జవాబు నాలిక చివరే ఉంది. అనేస్తే గండం గడిచిపోతుంది. పక్కకి చూస్తే తోటమాలి ఆకాశంలోకి చూస్తున్నాడు.

"పొరపాటు పడ్డానండీ," అంది డిజైనరమ్మ. "పిల్లలు వేసిన దారనుకున్నాను. ఈ బాబాయ్ ఒక్కరూ వేసిందట. బావమరిది మొహం చూడకుండా చుట్టు తిరిగి పోవడానికి."

ఇంజనీరు టేపు చుట్టేశాడు. "ఇంకేముంది సార్, ప్లాను మొదటికొచ్చింది."

ఉపకులపతి వంపు దాకా నడిచి, కాలితో మట్టి తాకి చూశాడు.

"ఒక్కరూ అంటే తప్పు. పదేళ్ళుగా నేనూ ఇటే వస్తున్నాను," అన్నాడు.

"మీరెందుకు సార్? సిమెంటు దారి ఉండగా?" అన్నాడు ఇంజనీరు.

"అది మీ కిటికీ ముందు నుంచి కదయ్యా. నేను కనిపిస్తే చాలు, మురుగు పైపుల గురించి ఎత్తుకుంటారు."

ఇంజనీరు కాసేపు తన కిటికీ వైపూ, కాసేపు సున్నపు గీత వైపూ చూశాడు.

"మిమ్మల్ని చూస్తే పైపులు గుర్తొస్తాయి సార్. నేనేం చెయ్యను?"

"ఏమీ చెయ్యకండి. అమ్మాయ్, ఈ వంపు ఇలాగే ఉండనీ. మిగతా దారులు మాత్రం ఇంకో వారం కూర్చుని, మనుషుల్ని చూసి గియ్యి. పని నీదే."

డిజైనరమ్మ తలూపింది.

"నా కిటికీ ముందు ఏం వేస్తున్నారు మేడమ్?" అనడిగాడు ఇంజనీరు.

"పొదలండీ. నడుమెత్తు."

"తలెత్తు వెయ్యండి," అన్నాడతను. "నాకూ పని చేసుకోబుద్ధవుతుంది."