ఠాణా గుట్ట మీద జెముడు

పాలు కంట్లో పడితే చూపు పోతుందని అబ్బా ఎప్పుడూ చెప్పేవాడు కదా, అనుకున్నాడు ఐజాజ్, జేసీబీ బకెట్ పళ్ల నుంచి కారుతున్న జెముడు పాలను చూస్తూ, అనుకుంటుండగానే పురావస్తు శాఖ సుప్రజ మేడం గుట్టెక్కి పరుగున వచ్చి ఏదో అరిచింది, ఇంజను ఆపాక వినబడింది, ఏం పని చేశావయ్యా, కోటను పీకేశావు కదయ్యా, అంటోంది, కోటేంది, కోట అదుగో, పాతకాలం సిపాయిల ఠాణా, దాని రాతిగోడకు ఒక్క గీత పడనివ్వలేదు తను, పొద్దున్నుంచి ఎంత ఒడుపుగా తిప్పాడు బండిని, సర్కారు తుమ్మ వేళ్లు గోడను చీలుస్తున్నాయి, పీకెయ్యమని ఈ మేడమే కదా మాచర్ల నుంచి పిలిపించింది, పల్నాట పుట్టినోడికి తుమ్మయినా జెముడైనా కంపే, రెండూ కలిపి లాగేశాడు, గుట్ట శుభ్రమైందని మురిసిపోయాడు కూడా, నా మొహం మండ.

ఆమె ఫోను ముందుకు చాపింది, దొరల కాలంలో గీసిన పటం అట, గుట్ట నడుమ ఠాణా, చుట్టూ గుండ్రంగా ఆకుపచ్చ గీత, ఆ గీతే కోట ఐజాజ్, ముందు ఈ జెముడు నాటారు, గుర్రం రాలేదు, మనిషి దూరలేడు, గోడ తర్వాతెప్పుడో కట్టింది, రెండొందల ఏళ్లు బతికిన కోట, మేం కాపాడదామని వచ్చిందే దీన్ని, అంది, తిట్టినా బాగుండేది, పైగా ఇన్నేళ్లు సందు పడకుండా ఎట్లా నిలిచిందో, చచ్చిన చోటల్లా కొత్తది ఎవరు నాటారో ఎక్కడా రాసి లేదయ్యా, అంది.

ఎవరు నాటారు, యా అల్లా, ఎవరు నాటారు, మృగశిర కార్తె రాగానే పంక్చర్ షాపు మూసి గోనెసంచి భుజాన వేసుకునేవాడు అబ్బా, తనకు పెళ్లయిన ఏడు కూడా బలవంతాన లాక్కొచ్చాడు, సందు కనబడితే జెముడు ముక్క గుచ్చి, ఖాళీ ఠాణా వైపు నిటారుగా నిలబడి సలాం కొట్టి, సబ్ ఠీక్, అంతా క్షేమమని గట్టిగా అరిచేవాడు, ముళ్లకి సలామేంది అబ్బా, ఎవరన్నా చూస్తే నవ్వుతారు, అంటే, మా అబ్బా చేశాడు, నేను చేస్తున్నా, రేపు నువ్వు చేస్తావు, అనేవాడు, ఎందుకో ఆయనకూ తెలీదు, ఆయన పోయి తొమ్మిదేళ్లు, తొమ్మిది మృగశిరలు, ఒక్కసారన్నా ఎక్కాడా ఈ గుట్ట, ఎక్కలేదు, ఎక్కింది ఇవాళే, జేసీబీ వేసుకుని.

ఏంది ఐజాజన్నా అట్టా బిగుసుకుపోయావు, కుప్ప ఎత్తేద్దామా, కింద తగలబెట్టి పోతా, అంటూ జయరాజు ట్రాక్టర్ వెనక్కి తెచ్చాడు, ఐజాజ్ ఒక్క దూకు దూకి ట్రాక్టర్‌కు అడ్డం నిలబడ్డాడు, ఒరేయ్, ఒక్క ముక్క కదిలిందంటే చూడు, ముక్క గుచ్చితే లేచే చెట్టురా ఇది, మేడం, నాటేది మా అబ్బానే మేడం, మా తాత కూడా, అన్నాడు, కుప్పలోంచి ఒక ముక్క తీసి మట్టిలో గుచ్చాడు, ముల్లు దిగి అరచేయి చెమ్మగిల్లింది, ఆ చేయి దానంతటదే నుదుటికి లేచింది, సబ్ ఠీక్ అనబోయి, పీకేసిన కుప్ప వంక చూసి ఆగిపోయాడు, సిపాయిలు ఏనాడో వెళ్లిపోయారనుకుంది లోకం, తమ ఇంటివాళ్లకు మాత్రం కాపలా దిగమని ఎవరూ చెప్పలేదు, తాత దిగలేదు, పంక్చర్లు వేసుకుంటూనే అబ్బా దిగలేదు, ఇన్నేళ్లలో ఈ ఠాణా వదిలి పారిపోయిన సిపాయి తనొక్కడే.