అర మిల్లీమీటరు

తమ్ముడు పోయాక మేస్త్రి మళ్ళీ వర్క్‌షాపుకు వెళ్ళి లేత్ యంత్రం మీద మొదట తిప్పి చేసిన వస్తువు ఒక అల్లిక సూది.

ఆమెను అక్కడ అందరూ మేస్త్రి అనే పిలుస్తారు. ఇరవై ఎనిమిదేళ్ళుగా అదే ఖాకీ ప్యాంటూ చొక్కా, చెవుల పైకి కత్తిరించిన జుట్టు, ఎంత తోమినా గోళ్ళ కింద వదలని నల్ల నూనె. కొత్తగా వచ్చినవాళ్ళు మొదట "సార్" అని, ఆనక నాలిక కరుచుకుంటారు. ఆమె పట్టించుకోవడం ఎప్పుడో మానేసింది.

తమ్ముడు నీటి సరఫరా ఆఫీసులో పాత ఫైళ్ళ గుమాస్తా. భోజనాల వేళ మిగతావాళ్ళు పేకముక్కలు పరిస్తే వాడు సంచీలోంచి ఊలుండ తీసేవాడు. సొంతంగా అల్లుకున్న రంగురంగుల మఫ్లర్లు ఎండాకాలం తప్ప ఎప్పుడూ మెడలో ఉండేవి. ఒకే ఇంట్లో ఒక మగరాయుడూ ఒక ఆడంగీ అని బంధువులు నవ్వితే, "దేవుడు సామాను సర్దేటప్పుడు సంచులు మారిపోయాయి, మేమిద్దరం మాలో మేం సర్దుకున్నాం, మీకేం బాధ?" అనేవాడు. నవ్వినవాళ్ళే చలికాలం ముందు వచ్చి కొలతలిచ్చి పోయేవాళ్ళు.

ఒక మధ్యాహ్నం ఆఫీసు కుర్చీలోనే వాడి గుండె ఆగిపోయింది. సంచీలో పండు మిరప రంగు స్వెటర్ మిగిలింది. ముందుభాగం, వెనకభాగం, కుడి చెయ్యి అయిపోయాయి. ఎడమ చెయ్యి మోచేతి దగ్గర ఆగింది, లూపులన్నీ ఒక సూదికి అలాగే వేలాడుతూ. కొలతలు మేస్త్రివి. రెండేళ్ళకొకటి ఆమెకోసం అల్లేవాడు. ఆమె ఖాకీ చొక్కా లోపల వేసుకునేది, ఎవరికీ కనపడకుండా.

శుక్రవారం ఆఫీసులో సంతాప సభ. ఆలోగా స్వెటర్ పూర్తిచేసి, ఈ ఒక్కటి ఖాకీ పైన వేసుకు వెళ్ళాలని ఆమె పట్టుదల.

పెద్దక్క పట్టుదల వేరు. సభకోసం ఆమె ఎంచిన ఫోటోలో మఫ్లర్ కనపడకుండా గడ్డం కింది భాగం కత్తిరించేశారు.

"ఇంకా ఆ ఊలెందుకే?" అంది పెద్దక్క, గుమ్మం దగ్గర కూలబడి మోకాళ్ళు రాసుకుంటూ. "బతికున్నన్నాళ్ళూ వాణ్ణి నలుగురూ నాలుగు మాటలన్నారు. ఆ ఒక్క రోజైనా గౌరవంగా పోనీ."

"పోయాడుగా అక్కా."

"ఆఫీసరుతో మాట్లాడాను. నెమ్మదస్తుడు, టైముకొచ్చేవాడు, ఎవరి జోలికీ పోయేవాడు కాదు. ఇంతే చెప్పమన్నాను. అల్లికల ఊసెత్తొద్దన్నాను."

"మరింక వాడి గురించి చెప్పడానికి ఏం మిగిలింది?"

ఇద్దరికీ దెబ్బలాడే ఓపిక లేదు.

సంచీలో రెండో సూది లేదు. ఆఫీసులో బల్లల కింద కూడా వెతికించింది. దొరకలేదు. అందుకే, ఉన్నదాని మందం మైక్రోమీటరుతో మూడుచోట్ల కొలిచి, సరిగ్గా నాలుగు మిల్లీమీటర్లకు దానికి జతగా ఇంకో సూది తిప్పుకుంది. అల్లిక ఆమెకు కొత్త కాదు. చిన్నప్పుడు వాడే నేర్పాడు. ఆమెకే విసుగు.

ఇంటికొచ్చి పద్నాలుగు వరసలు అల్లింది. లూపులు లెక్క తప్పలేదు, దారం ఎక్కడా జారలేదు. అయినా చూడగానే తెలిసిపోతోంది, వాడిది ఎక్కడ ఆగిందో, తనది ఎక్కడ మొదలైందో. వాడి అల్లికలో ఒక వరస బిగువు, ఒక వరస వదులు, దున్నిన చేనులా చాళ్ళు చాళ్ళుగా ఉంటుంది. ఎవరి ఒంటిమీద కనిపించినా అది వాడి పనేనని ఎవరైనా చెప్పేస్తారు. "అదెలా వస్తుందయ్యా?" అని అడిగితే, "నా చెయ్యంతే" అనేవాడు. ఆమె వరసలు మాత్రం అన్నీ ఒకేలా, గీత గీసినట్టు వచ్చాయి.

విప్పింది. కావాలని ఒక వరస బిగించి, ఒక వరస వదిలి చూసింది. తాగినవాడి నడకలా వచ్చింది. మళ్ళీ విప్పింది. గురువారం సాయంత్రానికి మూడోసారి. వేళ్ళు మొద్దుబారిపోయాయి. దారంలో లేత్ నూనె వాసన.

"రాదులే," అంది తనలో తాను. "వాడి చెయ్యి నాకెక్కడిది?"

అంతసేపూ చూస్తున్న పెద్దక్క లేచి తన చేతిసంచీ తెచ్చి, రుమాల్లో చుట్టిన పొడవాటి వస్తువు తీసింది.

"ఆస్పత్రిలో ఇచ్చారు. వాచీ, కళ్ళజోడు, ఇది. వాడి చేతిలో ఉందట, వేళ్ళు విడదీసి తీశారట." రుమాలు మడతపెట్టింది. "అక్కడతను ఇదేంటమ్మా అనడిగాడు. ఏదో ఆఫీసు సామాననేశాను. అల్లిక సూదని చెప్పడానికి నోరు రాలేదే నాకు."

మేస్త్రి చెయ్యి చాపింది. సూది అందుకుంది. ఇరవై ఎనిమిదేళ్ళ పనితనం వేళ్ళలో ఉంటుంది. పట్టుకోగానే ఏదో తేడా తగిలింది. చొక్కా జేబులోంచి మైక్రోమీటరు తీసి కొలిచింది. దీపం దగ్గరికి జరిగి మళ్ళీ కొలిచింది.

నాలుగున్నర.

వాడి సూదుల జత ఆమె తిప్పిందే. పద్దెనిమిదేళ్ళప్పుడు, పనిలో చేరిన మొదటి నెలలో, ఇంటికోసం చేసిన మొదటి వస్తువు. మైక్రోమీటరు మీద మిల్లీమీటరు గీతల కింద అర మిల్లీమీటరు గీత ఒకటి ఉంటుంది. కొత్తవాళ్ళంతా దాన్ని చూడకుండా చదువుతారు. నాలుగున్నరను నాలుగనుకుంటారు. తర్వాత ఒక ఇరుసు పాడుచేసి చీవాట్లు తిన్నాకే ఆ గీత ఆమె కళ్ళకు ఆనింది. అప్పటికి సూదులు ఇంటికి వెళ్ళిపోయాయి. వాటిని మళ్ళీ కొలవాలని ఆమెకు తట్టలేదు.

పాత పేపర్లో చుట్టి ఇచ్చిన రోజు వాడికి పదిహేనేళ్ళు. సూదులు అటూ ఇటూ తిప్పి చూసుకుని, "నువ్విక మేస్త్రివే" అన్నాడు. ఆ పేరు అలా మొదలైంది. రెండు వరసలు అల్లేసరికి సూదులు సమానంగా లేవని వాడికి తెలిసిపోయి ఉంటుంది. బజార్లో ఏ దుకాణంలోనైనా మంచి జత దొరికేది. కొనుక్కోలేదు. ఎవరడిగినా తప్పు తన చేతిమీదే వేసుకున్నాడు.

"ఏమైందే?" అంది పెద్దక్క.

"ఏం లేదు. ఒకటి లావు. నేను చేసిందే." మైక్రోమీటరు జేబులో పెట్టుకుని, తను అల్లిన వరసలన్నీ నాలుగోసారి విప్పేసింది. వాడి చివరి వరస సన్న సూదిది, అందుకే బిగువు. తర్వాతిది లావు సూదిది, వదులు.

శుక్రవారానికి చెయ్యి పూర్తికాలేదు. సభలో రెండో వరసలో పెద్దక్క పక్కన ఆమె ఖాకీ చొక్కాతోనే కూర్చుంది. గడ్డం దాకా కత్తిరించిన ఫోటోకు దండ వేశారు. ఆఫీసరు కళ్ళజోడు సవరించుకుని, నెమ్మదస్తుడనీ, టైముకొచ్చేవాడనీ, ఎవరి జోలికీ పోయేవాడు కాదనీ చెబుతున్నాడు. చెప్పిందే చెబుతున్నాడు. పాపం, ఆయన దగ్గర అంతకంటే లేదు.

మేస్త్రి వంగి సంచీలోంచి సూదులు తీసింది.

"ఇక్కడా?" అంది పెద్దక్క, పళ్ళు బిగించి. "అందరూ చూస్తున్నారే."

"చూడనీ అక్కా. నాకు ఇంకో ఊసు తెలీదు."

సూదుల టకటక వెనక కుర్చీలదాకా వినిపించింది. ఆఫీసరు ఆగాడు. వెనకనుంచి టైపిస్టు గొంతు వినిపించింది. "అచ్చం ఇలాగే కూర్చునేవాడు సార్, ఆ కిటికీ పక్కన. నా మఫ్లర్ కూడా ఆయనదే."

"నాదీ ఆయన అల్లిందే," అన్నారెవరో.

ఊలుండ ఒళ్ళోంచి జారి ముందు కుర్చీ కిందికి దొర్లింది. మేస్త్రి చేతులు ఖాళీగా లేవు. పెద్దక్క కాసేపు దానివంకే చూసింది. తర్వాత నొప్పి మోకాళ్ళు పట్టుకుని కిందికి వంగి, ఉండ తీసి, కొంగుతో దుమ్ము తుడిచి ఒళ్ళో పెట్టుకుంది. అడగకుండానే కొంచెం కొంచెంగా దారం వదలసాగింది.

బిగువు వరస అయింది. వదులుది మొదలైంది. ఇంకా ముప్ఫై ఆరు ఉన్నాయి.