పెళ్లికి ముందు పుట్టినదాన్ని

ఈ చామాకు మరీ పలచగా ఉంది, మాంసం పొట్లానికి రెండు పొరలు వేయకపోతే కొబ్బరిపాలన్నీ కారిపోతాయి, అయినా ఆకులు మడవడానికా నేను వవావు ద్వీపం నుంచి రాత్రంతా ఓడలో వాంతులు చేసుకుంటూ వచ్చింది, తమ్ముడి కొడుకు పెళ్లికి పెద్ద మేనత్తనని కదా, ఏ టోంగా పెళ్లిలోనైనా పెద్ద మేనత్త ముందువరస చాప మీద కూర్చోవాలి, వేలు కూడా కదపకూడదు, పెళ్లికూతురివాళ్లు తెచ్చిన మేలిచాపలు మొదట ఆమె ముందే పరవాలి, అలాంటిది నా చెల్లెలు లూపే ఆక్లాండ్ నుంచి దిగి ఆ చాప మీద దర్జాగా కూర్చుంది, నేనేమో ఇక్కడ తల్లివైపు చుట్టాలు చాకిరీ చేసే, పెళ్లి పందులు కాలే గుంతపొయ్యి దగ్గర, కళ్లలో నీళ్లు పొగకే అనుకుంటున్నారు అందరూ.

వదినా, నువ్వు వంట దగ్గరుంటే మాకు కొండంత ధైర్యం, అని మరదలు మేలేయాన్ తేనె పూసి చెప్పింది, మరి చాప మీదెవరే అంటే నేల చూపులు చూస్తూ, ఏమనుకోకు వదినా, నువ్వు అత్తయ్య మామయ్యల పెళ్లికి ముందే పుట్టావు కదా, పాస్టరుగారి ముందు బాగుండదేమోనని, అంది, ఎంత పొగరు దీనికి, తమ్ముడు నోరెత్తడు, మా ఆచారంలో అక్క ఉన్న గదిలోకి తమ్ముడు రాకూడదట, ఆ మర్యాద చాటునే దాక్కున్నాడు పిరికి వెధవ, ముందు పుట్టడమే కదా పెద్దరికమంటే, మరీ ముందు పుడితే పోతుందా అది, నేను పుట్టేముందు క్యాలెండర్ చూసుకోవాల్సిందా.

అమ్మమ్మ పడీపడీ నవ్వుతూ చెప్పేది, నువ్వు పుట్టాకే మీ తాత మీ నాన్నని చెవి పట్టుకుని చర్చికి ఈడ్చుకెళ్లాడే, ప్రమాణాల మధ్యలో నువ్వు గుక్కపట్టావు, మీ అమ్మ నీకు పాలిస్తూనే సరేనంది, అని, ఇన్నేళ్లూ ఆ మాట ఎవరైనా ఎత్తితే సిగ్గుతో తల దించుకున్నాను, ఎందుకు దించుకున్నాను, ఆగు, ఆ పెళ్లి జరిగింది ఎవరివల్ల, నావల్ల, నేను పుట్టకపోతే నాన్న ఏ ఓడో ఎక్కి పోయేవాడు, ఆ పెళ్లి లేదు, లూపే లేదు, తమ్ముడు లేడు, వాడి కొడుకూ లేడు, ఈ పందులు కాలేవి కావు, అందరూ నేను తెచ్చిన పెళ్లికి పుట్టినవాళ్లే, ఇదిగో ఆకు కింద పెట్టేస్తున్నాను, చేతులు కడుక్కుని తిన్నగా లోపలికి వెళ్లి పాస్టరుగారి ముందే చెబుతాను, లూపే, లేవవే, అది నా చోటు.