గోడెక్కిన నాపరాయి గోడు

నేను ఒక నాపరాయి పలకను. పేరుకే పలకను, పలకలేను. పలకగలిగితే ఈ గొడవ ఇంత దూరం వచ్చేది కాదు.

పుట్టింది బేతంచెర్ల గనిలో. అక్కడ మమ్మల్ని పొరలుపొరలుగా చీల్చి, అట్టముక్కంత పలచగా కోసి, ముఖం గరుకుగానే ఉంచి కర్నూలు దుకాణానికి పంపారు. గరుకుగా ఉన్నవాణ్ణి మనుషులు బండవాడంటారు. అదే గరుకును డబ్బిచ్చి కొని గోడకు అతికించుకుంటే అందమంటారు.

నన్ను కొన్నవాడు మద్దిలేటి. కళ్ళజోళ్ళ దుకాణం నడుపుతాడు, ఊరందరికీ చూపు సరిచేస్తాడు. ఇంటికి తెచ్చిన రోజున వాళ్ళమ్మ సుంకులమ్మ ఇవేంటని అడిగింది.

"వెనీర్ మా. హాల్లో గోడకు."

గోడకు అతికించే మాలాంటి పలచటి పలకల్ని వెనీర్ అంటారు. మేము పలచన, అవ్వ చెవులు మందం. వెనీర్ ఆమె దాకా వెళ్ళేసరికి వేన్నీళ్ళయింది. కాసేపటికి పొగలు కక్కే బకెట్టు తెచ్చి మా పక్కన పెట్టింది. కోడలు రేణుక ఆమె చెవి దగ్గరికి వెళ్ళి విడమరిచి చెప్పి, నువ్వు కూర్చో అత్తా అంది. ఆ ఫ్లాటులో అవ్వకు అప్పజెప్పిన పని అదొక్కటే, కూర్చోవడం.

మేస్త్రీని పిలుద్దామని రేణుక అంటే మద్దిలేటి వినలేదు. ఫోనులో వీడియోలు చూశాడు. చూసినవాడు చెయ్యగలడని ఈ మధ్య మనుషులకు గట్టి నమ్మకం. అయినా నిజం చెప్పాలి, బాగానే చేశాడు. రంగు గీకాడు, గోడకు గాట్లు పెట్టాడు, రసమట్టం పెట్టి కింద కొయ్యపట్టీ కొట్టి దాని మీద మొదటి వరస నిలబెట్టాడు. పళ్ళున్న తాపీతో టైల్స్ గమ్ము పరిచి ఒక్కొక్కరినే వత్తాడు. నాకు పై వరసలో, సీలింగుకు దగ్గరగా చోటు దొరికింది. గనిలో అట్టడుగున పడున్న నా రాత రాత్రికి రాత్రి పైకెక్కింది. మద్దిలేటి సోఫాలో కూర్చుని మమ్మల్ని చూసుకుంటూ అన్నం తిన్నాడు. వచ్చినవాళ్ళందరికీ మంచినీళ్ళకంటే ముందు గోడనే చూపించాడు.

వారం తిరక్కుండానే మా వరసలో చెమ్మ కనబడింది.

తన పనిలో తప్పుందన్న ఆలోచన మద్దిలేటికి రాలేదు. చెమ్మ పైన ఉంది కాబట్టి తప్పు పైవాళ్ళదన్నాడు. పైవాళ్ళంటే పై అంతస్తులో ఒంటరిగా ఉండే జైబున్నీసా టీచరు. బడిలో మద్దిలేటికి లెక్కలు చెప్పిన మనిషి. నిరుడు బాత్రూంలో జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఆ తర్వాతే కాలు జారని టైల్స్ పరిపించి, గోడకు పట్టుకోవడానికి కడ్డీ బిగించుకుంది. ఇప్పుడా బాత్రూమే కారుతోందని, నేల తవ్వి చూడాల్సిందేనని మద్దిలేటి పట్టుబట్టాడు. టీచరమ్మ మళ్ళీ పడితే ఎవరు చూస్తారని రేణుక గొడవపడింది. ఆయన వినలేదు. టీచరు మెట్లమీద ఎదురైతే నమస్కారం మానేసి, ఫోను చూసుకుంటూ దిగిపోసాగాడు.

నాకు అసలు సంగతి తెలుసు. తెల్లవారుజామున ఇంకా ఎవరూ లేవకముందే సుంకులమ్మ చెంబుతో వచ్చేది. వాకిట్లో కళ్ళాపి చల్లిన చేయి కదా, ఒక్క విసురుకు నీళ్ళు సీలింగు దాకా వచ్చేవి. కింద కారినవి చేయి అందినంత మేర పాతచీరతో తుడిచేసి, వెళ్ళి తన చోట కూర్చునేది. కొత్త గోడ గట్టిపడాలంటే నీళ్ళు పెట్టాలి. అది ఆమెకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఈ గమ్ముకు నీళ్ళు పడవని బస్తా మీద రాసుంది గాని, అవ్వకు చదువు రాదు, చెప్పినవాళ్ళు లేరు. మా వెనక గమ్ము మెత్తబడి పట్టు వదిలేస్తోంది. నా గోడు గోడకే చెప్పుకున్నాను. అది కూడా తడిసే ఉంది.

ప్లంబరు సుత్తీ ఉలీ పట్టుకొచ్చాడు. పైకెళ్ళే ముందు చెమ్మ చూపిస్తానని మద్దిలేటి అందరినీ హాల్లోకి పిలిచాడు. టీచరు కర్ర ఊతంతో దిగి వచ్చి, తలెత్తి చూసింది.

"నా ఇంటి నీళ్ళే అయితే పగలగొట్టించు మద్దిలేటీ. నేను పక్కవీధిలో మా చెల్లెలింటికి పోయి స్నానం చేసుకుంటా. నువ్వు మాత్రం ముఖం తిప్పుకోని పోవద్దు నాయనా."

మద్దిలేటి ప్లంబరుకు కళ్ళతోనే పైకి దారి చూపించాడు.

నాకు చేతనైంది ఒక్కటే పని. అదీ నేను చేశానని చెప్పను, గమ్ము వదిలేసింది. పడ్డాను. మూల విరిగింది. ఆ చప్పుడు మాత్రం సుంకులమ్మకు కూడా వినబడింది. వంటింట్లోంచి చెంబుతో వచ్చి, నన్నూ గోడనూ చూసి తల ఆడించింది.

"నీళ్ళు చాల్లేదు. సాయంత్రం పూట గూడా పెట్టింటే నిలిచేది."

ప్లంబరు సుత్తి సంచిలో పెట్టుకున్నాడు. టీచరే అవ్వ పక్కన కూర్చుని, నీళ్ళు ఎవరు పెట్టమన్నారమ్మా అని చెవిలో అడిగింది.

"ఒకరు జెప్పాల్నా? మా ఇల్లు కట్టేటప్పుడు గోడలన్నిట్కీ నేనే పెట్టినా. ఈడ అందరూ కూచో అంటారు. వీడు ఒక్కడే కష్టపడి కట్టుకున్న్యాడు గదా, నా చేతి నీళ్ళు గూడా ఉండాలనుకున్న్యా."

ఊరందరికీ చూపు సరిచేసే మద్దిలేటి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తర్వాత అమ్మ చెవి దగ్గర కూర్చుని గమ్ము సంగతంతా అరిచి చెప్పాడు. దాంతో రేణుకకూ, టీచరుకూ, ప్లంబరుకూ, తలుపు దగ్గర నిలబడ్డ పక్కింటివాళ్ళకూ కూడా తెలిసింది. నీళ్ళొద్దనే గోడ గూడా ఉంటాదా అని అవ్వ మాత్రం ఇప్పటికీ నమ్మలేదు.

గోడ ఆరాక, పట్టు వదిలినవాటిని తీసి మళ్ళీ అతికించారు. ఈసారి మద్దిలేటి గమ్ము పూస్తే, పట్టు వచ్చేదాకా అరచేతితో వత్తి పట్టుకునే పని అవ్వది. ఆ పని నిలబడి చెయ్యాలి. కూర్చోమని ఎవరూ అనలేదు.

మూల విరిగిన నన్ను టీచరు అడిగి తీసుకుంది. మద్దిలేటి స్వయంగా మోసుకెళ్ళి, తాను తవ్వించబోయిన బాత్రూంలోనే పెట్టి, తల ఎత్తకుండా దిగి వచ్చాడు. ఇప్పుడు నా గరుకు మీద టీచరు మడమలు రుద్దుకుంటుంది. పాదం తగిలితే రాళ్ళు మనుషులవుతాయని విన్నాను. నాకు రోజూ తగులుతోంది, ఇంకా ఏమీ కాలేదు. ఈ మనుషుల్ని చూశాక తొందర కూడా లేదు.

తుంటి నొప్పికని టీచరు చన్నీళ్ళు ముట్టదు. పొద్దున్నే నా పక్కన వేన్నీళ్ళ బకెట్టు పొగలు కక్కుతుంది. ఆ మొదటి రోజున అవ్వ చెవి తప్పు విన్నదని అందరూ నవ్వారు గాని, నా పక్కన చివరికి ఉండాల్సిన బకెట్టు ఏదో ఆమె ముందే తెచ్చి పెట్టింది.